రెండు పద్దుల మధ్య ఒక గ్రాంటు: విశ్వవిద్యాలయం, జాతీయ ప్రయోగశాల కలిసి చేసిన బ్యాటరీ పరిశోధనపై కేస్ స్టడీ

అమెరికా ఇంధన శాఖకు 17 జాతీయ ప్రయోగశాలలు ఉన్నాయి. వీటిలో ఒక్క జాతీయ ఇంధన సాంకేతిక ప్రయోగశాలను మాత్రమే ప్రభుత్వ ఉద్యోగులు నేరుగా నడుపుతారు. మిగిలిన పదహారింటినీ ప్రభుత్వంతో నిర్వహణ ఒప్పందం కుదుర్చుకున్న సంస్థలు నడుపుతాయి. భవనాలు, యంత్రాలు ప్రభుత్వానివి, అందులో పనిచేసేవారు మాత్రం నిర్వాహక సంస్థ ఉద్యోగులు. ఈ సంగతి పరిపాలనా వివరంలా కనిపిస్తుంది గాని, విశ్వవిద్యాలయాలకు, ప్రయోగశాలలకు మధ్య వచ్చే ఉమ్మడి గ్రాంట్లలో తలెత్తే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. ప్రయోగశాలలో శాస్త్రవేత్త గడిపే ప్రతి గంటా ఏదో ఒక పద్దు కింద ఖర్చు రాయాల్సిందే, ఖాళీ గంట అంటూ ఉండదు.

అమెరికాలోని ఒక మధ్యస్థాయి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన గ్రాంట్ల కార్యాలయంలో నేను పనిచేస్తున్నాను. 2020ల మొదట్లో మా విశ్వవిద్యాలయానికి వచ్చిన ఒక మూడేళ్ల గ్రాంటును ప్రతిపాదన దశ నుంచి ముగింపు దాకా నేనే చూశాను. దాని నడకను ఇక్కడ వివరిస్తున్నాను. విశ్వవిద్యాలయం, భాగస్వామి ప్రయోగశాల, వ్యక్తుల పేర్లు ఇవ్వడం లేదు. నియమాలు, గణాంకాలు మాత్రం అందరికీ వర్తించేవే.

పెద్ద మొత్తాలున్న ఉమ్మడి కార్యక్రమాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. 2009లో 46 ఎనర్జీ ఫ్రాంటియర్ పరిశోధన కేంద్రాలకు అయిదేళ్లకు 77.7 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2012లో ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల నాయకత్వంలో, విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు భాగస్వాములుగా ఏర్పడిన బ్యాటరీ పరిశోధన కేంద్రానికి అయిదేళ్లకు 12 కోట్ల డాలర్లు ఇచ్చారు. అలాంటి చోట ఒప్పందాలు చూసుకోవడానికే ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఒక ఆచార్యుడు, ఇద్దరు విద్యార్థులు, అవతల ఒక శాస్త్రవేత్త ఉండే చిన్న గ్రాంటుకు ఆ వసతి ఉండదు. అందుకే చిన్న గ్రాంటు నడకను వివరంగా రాయడం ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

కార్యక్రమం నేపథ్యం

మాకు వచ్చినది ఇంధన శాఖ సైన్స్ విభాగం ఎప్స్‌కోర్ (పరిశోధన నిధులు తక్కువగా అందే రాష్ట్రాల కోసం పెట్టిన పథకం) కార్యక్రమం కింద ఇచ్చే రాష్ట్ర–జాతీయ ప్రయోగశాల భాగస్వామ్య గ్రాంటు. ఫెడరల్ పరిశోధన నిధులు కొద్ది రాష్ట్రాలకే పోగుపడుతున్నాయన్న ఆక్షేపణ నుంచి 1970ల చివర జాతీయ సైన్స్ ఫౌండేషన్‌లో ఎప్స్‌కోర్ ఆలోచన పుట్టింది. ఆర్కన్సా, మెయిన్, మోంటానా, సౌత్ కరోలినా, వెస్ట్ వర్జీనియాలకు మొదట అవకాశం దక్కింది. 1990ల మొదట్లో ఇంధన శాఖ కూడా ఇదే పేరుతో తన కార్యక్రమం మొదలుపెట్టింది. సైన్స్ ఫౌండేషన్ పరిశోధన నిధుల్లో ఇటీవలి సంవత్సరాల వాటా 0.75 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్న రాష్ట్రాలు, భూభాగాలు దీనికి అర్హులు. అలబామా, ఓక్లహోమా, నెబ్రాస్కా, కాన్సస్, లూసియానా వంటి రాష్ట్రాలతోపాటు ప్యూర్టోరికో, గువామ్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఎంఎస్, పీహెచ్‌డీలకు వెళ్లే విశ్వవిద్యాలయాల్లో కొన్ని ఈ రాష్ట్రాల్లోనే ఉన్నప్పటికీ, వీటికి ప్రత్యేకంగా ఇలాంటి గ్రాంటు ఉందని మనవాళ్లలో తెలిసినవారు తక్కువ.

2023 ఆర్థిక సంవత్సరంలో సైన్స్ విభాగం మొత్తం బడ్జెట్ 810 కోట్ల డాలర్లు. ఆ దశకం తొలి ఏళ్లలో ఎప్స్‌కోర్‌కు అందులోంచి దక్కినది రెండున్నర కోట్ల డాలర్ల చుట్టుపక్కల మాత్రమే. మొత్తం చిన్నదే. అయితే ఈ కార్యక్రమం ఇచ్చే డబ్బు కంటే తెరిచే తలుపు ముఖ్యమని దీన్ని నడిపేవారి ఉద్దేశం. కోట్ల డాలర్ల యంత్రాలు కొనలేని విశ్వవిద్యాలయపు విద్యార్థి, అవి ఉన్న చోటికి వెళ్లి, వాటితో రోజూ పనిచేసేవారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఒక ప్రతిపాదనను ఈ గీటురాయి మీదే చూడాలని నేనూ నమ్ముతాను. విద్యార్థి ప్రయోగశాలలో నెలల తరబడి పనిచేసే ఏర్పాటు లేని ప్రతిపాదనను, ఎంత మంచి శాస్త్రమైనా, భాగస్వామ్యం అనడానికి నాకు మనసొప్పదు.

ప్రతిపాదన రూపుదిద్దుకున్న తీరు

మా మెటీరియల్స్ విభాగంలోని ఒక ఆచార్యుడు ఘన ఎలక్ట్రోలైట్లపై (బ్యాటరీలో అయాన్లను చేరవేసే ఘన పదార్థాలపై) పనిచేస్తారు. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీల్లో ఉండే ద్రవ ఎలక్ట్రోలైట్ మండే స్వభావం గలది. దాని స్థానంలో సిరామిక్ వాడగలిగితే భద్రత పెరుగుతుంది, లిథియం లోహాన్నే ఆనోడ్‌గా (రుణ ధ్రువంగా) వాడే అవకాశం వస్తుంది. 2007లో వెలుగులోకి వచ్చిన లిథియం–లాంథనం–జిర్కోనియం ఆక్సైడ్ గార్నెట్ అనే సిరామిక్ ఈ రంగంలో అందరి దృష్టినీ ఆకర్షించిన పదార్థం. దాని స్ఫటికం క్యూబిక్ రూపంలో ఉంటే లిథియం అయాన్లు చురుగ్గా కదులుతాయి; టెట్రాగొనల్ రూపంలో వాహకత సుమారు వంద రెట్లు పడిపోతుంది. కాస్త అల్యూమినియం లేదా టాంటలం చేరిస్తే క్యూబిక్ రూపం గది ఉష్ణోగ్రత వద్ద కూడా నిలుస్తుంది. అసలు తలనొప్పి గాలిలోని తేమతో వస్తుంది. తేమ తగిలితే స్ఫటికంలోని లిథియం కొంత బయటికి వచ్చి, దాని చోట హైడ్రోజన్ చేరి, ఉపరితలం మీద లిథియం కార్బొనేట్ పొర కడుతుంది. ఆ పొర అయాన్ల దారికి అడ్డం పడుతుంది. ఈ మార్పు లోపలికి ఎంతవరకు వెళుతుంది, వేడి చేసి దాన్ని ఎంతవరకు వెనక్కి తిప్పవచ్చు అన్నవి ఆచార్యుల ప్రశ్నలు.

ఎక్స్–కిరణాలు ఎలక్ట్రాన్లను బట్టి చూస్తాయి. మూడే ఎలక్ట్రాన్లున్న లిథియం, ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్, 57 ఎలక్ట్రాన్లున్న లాంథనం పక్కన వాటికి దాదాపు కనిపించవు. న్యూట్రాన్లు కేంద్రకాలను చూస్తాయి గనుక ఈ తేలిక పరమాణువుల చోటు పట్టిస్తాయి. కాబట్టి ఈ పనికి న్యూట్రాన్ వనరు ఉన్న చోటికి వెళ్లక తప్పదు. అంతర్ముఖాల (రెండు పదార్థాలు ఆనుకునే తలాల) విద్యుత్ రసాయనంలో చేయి తిరిగినవారు కూడా కావాలి. మొదటిదాని కోసం టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల న్యూట్రాన్ కేంద్రాలకు వాడుకరులుగా దరఖాస్తు చేయాలని, రెండోదాని కోసం మరో జాతీయ ప్రయోగశాలలో ఘన ఎలక్ట్రోలైట్లపై పనిచేస్తున్న ఒక శాస్త్రవేత్తను భాగస్వామిగా తీసుకోవాలని అనుకున్నాం.

తొలి ముసాయిదాలో ఆ శాస్త్రవేత్త ప్రస్తావన చివరి పేజీలో, జతచేసే ఉత్తరంలో మాత్రమే ఉంది. నేను చూసిన తొలి ముసాయిదాల్లో చాలావాటికి ఇదే పరిస్థితి. సైన్స్ విభాగం ప్రకటనల ప్రకారం మెచ్చుకోలు ఉత్తరాలకు చోటు లేదు. సహకార ఉత్తరంలో 'ఈ ప్రతిపాదనకు గ్రాంటు వస్తే, పరిశోధన వివరణలో చెప్పిన మేరకు కలిసి పనిచేస్తాను' అన్నంత మాటే ఉండాలి. వియ్యాలవారి మర్యాద మాటల్లాంటి పొగడ్తలు సమీక్షకుల కాలం తినకుండా పెట్టిన నియమం ఇది. దీనివల్ల బరువంతా పరిశోధన వివరణ మీద పడుతుంది. అవతలి వ్యక్తి ఏం చేస్తారో అక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాసే వీలు లేదు.

పూర్తి ప్రతిపాదన కంటే ముందు పంపే సంక్షిప్త ప్రీ–అప్లికేషన్‌కు ముందు ఆచార్యులు, ఆ శాస్త్రవేత్త, నేను ఫోన్‌లో మాట్లాడుకున్నాం. శాస్త్రం గురించి ఇద్దరికీ పది నిమిషాల్లో ఏకాభిప్రాయం కుదిరింది. ఆ తర్వాత శాస్త్రవేత్త అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ విద్యార్థి వేసవంతా నా ల్యాబ్‌లో ఉంటాడు, బాగానే ఉంది. ఆ మూడు నెలలు నేను అతనికి ఇచ్చే గంటలు ఏ పద్దులో రాసుకోను?"

ఆచార్యులకు ఈ ప్రశ్న వింతగా తోచింది. విశ్వవిద్యాలయంలో తొమ్మిది నెలల జీతం తీసుకునే ఆచార్యుడు ఇంకో ఆచార్యుడి విద్యార్థికి గంటో రెండు గంటలో ఇస్తే ఎవరూ లెక్క అడగరు. ప్రయోగశాలలో అలా కాదు. అక్కడ ఖర్చంతా పూర్తిగా రాబట్టుకునే పద్ధతి ఉంది. శాస్త్రవేత్త గంటకు అతని జీతంతోపాటు భవనం, భద్రత, పరిపాలన ఖర్చులన్నీ కలిపి వెల కడతారు. అది జీతానికి రెండు మూడు రెట్లు పలుకుతుంది. అతని ఏడాది కాలంలో పదో వంతు కొనుక్కోవాలన్నా, మా దగ్గర ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఏడాదికి ఇచ్చే స్టైపెండు దాటిపోతుంది. పైగా ప్రయోగశాల వాటాను సాధారణంగా విశ్వవిద్యాలయం ద్వారా ఉప–గ్రాంటుగా ఇవ్వరు. ఇంధన శాఖే తన అంతర్గత పని ఆమోద పద్ధతిలో నేరుగా ప్రయోగశాలకు పంపుతుంది. అంటే ఒకే పరిశోధనకు రెండు పద్దులు, రెండు ఆమోదాలు, రెండు కాలపట్టికలు నడుస్తాయి.

మేము ప్రయోగశాలకు డబ్బు అడగకూడదని నిశ్చయించుకున్నాం. ఆ శాస్త్రవేత్తకు ఘన ఎలక్ట్రోలైట్లపై ఇంధన శాఖ నిధులతో అప్పటికే నడుస్తున్న సొంత కార్యక్రమం ఉంది. మేము తయారుచేసే, తేమకు ఎంత గురయ్యాయో కచ్చితంగా తెలిసిన నమూనాలు ఆయన కార్యక్రమానికీ కావాల్సినవే. ఆయన తన ప్రోగ్రాం మేనేజరుతో ముందుగానే మాట్లాడి, ఈ పని తన కార్యక్రమ లక్ష్యాల్లో భాగమేనని ఒప్పించుకున్నారు. ఆ తర్వాతే మేము వివరణలో ఏ నమూనా ఎవరు చేస్తారు, ఏ కొలత ఎక్కడ జరుగుతుంది, విద్యార్థి ఏ నెలల్లో ఎక్కడ ఉంటాడు, ఆ నెలల్లో అతని పని ఎవరు చూస్తారు అన్నవన్నీ పేరుపేరునా రాశాం. సమీక్షల్లో ఈ భాగానికి మంచి మాట దక్కింది. సైన్స్ విభాగం సమీక్షలో శాస్త్రీయ యోగ్యత, పద్ధతి సముచితత్వం, బృందం సామర్థ్యం–వనరులు, బడ్జెట్ సహేతుకత అన్న నాలుగు ప్రమాణాలను ఈ ప్రాధాన్య క్రమంలోనే చూస్తారు. చాలామంది మూడోదాన్ని బయోడేటాల వ్యవహారంగా భావిస్తారు. భాగస్వామ్య గ్రాంటులో పనుల పంపకం ఆ ప్రమాణం కిందే తేలుతుంది.

బడ్జెట్‌లో డబ్బు ఎటు పోతుంది

లెక్క సులువు కోసం ఏడాదికి 2,00,000 డాలర్లు, పరోక్ష వ్యయం (భవనాలు, పరిపాలన వంటి ఉమ్మడి ఖర్చులకు విశ్వవిద్యాలయం తీసుకునే మొత్తం) రేటు 50 శాతం అనుకుందాం. ఇద్దరు విద్యార్థుల ట్యూషన్ 20,000 డాలర్లు; దీనిమీద పరోక్ష వ్యయం వేయరు. మిగిలిన 1,80,000లో 60,000 పరోక్ష వ్యయం కింద విశ్వవిద్యాలయానికి పోతే, పరిశోధనకు చేతికి వచ్చేది 1,20,000. అందులో ఇద్దరు విద్యార్థుల స్టైపెండ్లకు 60,000, ఆచార్యుల ఒక నెల వేసవి జీతానికి 12,000, ఆరోగ్య బీమా వంటి అనుబంధ ప్రయోజనాలకు 8,000, ప్రయాణాలకు 12,000, సామగ్రికి 28,000. ఇక మిగిలేది సున్నా. ప్రాథమిక పరిశోధన గనుక ఖర్చులో విశ్వవిద్యాలయం సొంత వాటా చూపాలన్న షరతు లేకపోవడం ఒక్కటే ఊరట. 2025 ఏప్రిల్‌లో ఇంధన శాఖ విశ్వవిద్యాలయాల పరోక్ష వ్యయాన్ని 15 శాతానికి పరిమితం చేస్తామని ప్రకటించింది; విశ్వవిద్యాలయాలు కోర్టుకు వెళ్లగా మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు దాన్ని అడ్డుకుంది. ఆ రేటు మీద వాదన పెద్దది, ఇక్కడ దానిలోకి వెళ్లను.

సామగ్రి కింద చూపిన మొత్తం ఎక్కువగా కనిపించడానికి కారణం లిథియమే. సహజ లిథియంలో సుమారు 7.6 శాతం లిథియం–6 ఐసోటోప్ ఉంటుంది. అది న్యూట్రాన్లను విపరీతంగా మింగేస్తుంది. లిథియం–7 దాదాపు మింగదు. సహజ లిథియంతో చేసిన నమూనాను కిరణపుంజంలో పెడితే, స్ఫటికం నుంచి చెదిరి డిటెక్టర్‌కు చేరాల్సిన న్యూట్రాన్లలో చాలా భాగం మధ్యలోనే మాయమవుతాయి. కాబట్టి లిథియం–7 శాతం పెంచిన కార్బొనేట్ కొనాలి, దాని ధర మామూలు కార్బొనేట్ ధరకు ఎన్నో రెట్లు. ఈ గార్నెట్‌ను 1,100 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి మీద కాల్చేటప్పుడు లిథియం కొంత ఆవిరైపోతుంది గనుక ముందే పదో వంతు దాకా అదనంగా కలుపుతారు. అంటే ఖరీదైన ఐసోటోప్‌లో కొంత ప్రతిసారీ కొలిమి గాలిలో కలిసిపోతుంది. ఈ ఖర్చు ఎందుకో బడ్జెట్ వివరణలో నాలుగు వాక్యాల్లో రాయించాను. గ్రాంటు మంజూరు చేసే కార్యాలయం వారు దీనిపై మరో ప్రశ్న వేయలేదు. ప్రయాణాల పద్దు మీద మాత్రం వేశారు.

ఆ ప్రశ్న సహజమే. ఇంత చిన్న బడ్జెట్‌లో ఏడాదికి 12,000 డాలర్ల ప్రయాణ ఖర్చు సదస్సుల కోసమేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. అందులో అధిక భాగం విద్యార్థి ప్రయోగశాల దగ్గర ఇల్లు అద్దెకు తీసుకుని వేసవంతా ఉండటానికి. ఇంధన శాఖకు విద్యార్థులను ప్రయోగశాలలకు పంపే ప్రత్యేక కార్యక్రమం ఉంది. మూడు నుంచి పన్నెండు నెలలు అక్కడ పనిచేయడానికి స్టైపెండు కూడా ఇస్తారు. కానీ దానికి అమెరికా పౌరులు, శాశ్వత నివాసులే అర్హులు. మా ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎఫ్–1 విద్యార్థి వీసా మీద వచ్చినవారు. ఎఫ్–1 విద్యార్థి ప్రాజెక్టులో ఉంటారని తెలిస్తే ఆ బస ఖర్చు గ్రాంటులోనే రాసుకోవాలి, వేరే దారి లేదు. ఇది రాసుకోని ప్రాజెక్టుల్లో ఏం జరుగుతుందంటే, పౌరసత్వం ఉన్న విద్యార్థి ప్రయోగశాలకు వెళతాడు, మనవాడు క్యాంపస్‌లో కొలిమి దగ్గర మిగిలిపోతాడు. రెండేళ్ల తర్వాత ఉద్యోగాల వేటలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

గేటు దాటడానికి పట్టిన కాలం

అమెరికా పౌరులు కానివారు ఇంధన శాఖ ప్రయోగశాలలో అడుగుపెట్టాలన్నా, అక్కడి కంప్యూటర్లను దూరం నుంచి వాడాలన్నా ముందస్తు అనుమతి కావాలి. పాస్‌పోర్టు, వీసా, ఐ–20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి పత్రం), ఐ–94 (దేశంలోకి ప్రవేశించిన నమోదు), బయోడేటా, చేయబోయే పని వివరం ఇవ్వాలి. ప్రయోగశాలలో ఆతిథ్యం ఇచ్చే వ్యక్తి బాధ్యత తీసుకోవాలి. ఇంధన శాఖ సున్నితమైనవిగా పరిగణించే దేశాల జాబితా ఒకటి ఉంది. 2025లో దక్షిణ కొరియాను అందులో చేర్చినప్పుడు వచ్చిన వార్తలతో, భారత్ అంతకుముందే ఆ జాబితాలో ఉందన్న సంగతి చాలామందికి తెలిసింది. జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రవేశం నిషేధం కాదు. పరిశీలన ఎక్కువ, కాలం ఎక్కువ. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పట్టవచ్చు.

మా విద్యార్థి దరఖాస్తు ఒకసారి తిరిగి వచ్చింది. కారణం చూడగానే నాకు అర్థమైంది, మా కార్యాలయంలో ఇంకెవరికీ అర్థం కాలేదు. అతని పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా రెండో గడిలోనే ఉంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ముద్రించేటప్పుడు పేరు మొత్తాన్ని ఇంటిపేరు స్థానంలో వేసి, అసలు పేరు స్థానంలో మొదటి పేరు తెలియదన్న అర్థంలో 'ఎఫ్ఎన్‌యూ' అని వేస్తారు. అతని బయోడేటాలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంది. పబ్లికేషన్ మీద ఇంటిపేరు చివర ఉంది. మూడు పత్రాల్లో ముగ్గురు మనుషుల్లా కనిపించాడు. "మా ఇంట్లో అందరం ఇంటిపేరు ముందే రాస్తామండీ, కాలేజీ సర్టిఫికెట్లలో అయితే అది ఒక్క అక్షరమే," అన్నాడు కొంచెం బెరుకుగా. పాస్‌పోర్టులో ఉన్నట్టే అన్ని పత్రాల్లో పేరు రాయించి, తేడాను వివరిస్తూ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి ఒక లేఖ జతచేసి మళ్లీ పంపాం. ఈ ఉద్యోగంలో తెలుగువాడినైనందుకు పనికొచ్చిన సందర్భాల్లో ఇది ఒకటి. అప్పటినుంచి గ్రాంటు ప్రకటన రాగానే, అంటే ప్రతిపాదన గెలుస్తుందో లేదో తెలియకముందే, ప్రాజెక్టులో ఉండబోయే విదేశీ విద్యార్థుల పత్రాల్లో పేర్లు సరిపోల్చి చూస్తున్నాను.

అదే సమయంలో వీసా నిబంధనల సంగతీ తేల్చుకోవాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయమే జీతం ఇస్తూ, ఒప్పందం కింద నిధులు అందుతున్న పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్థాయి పరిశోధనను, విశ్వవిద్యాలయంతో విద్యాపరమైన అనుబంధం ఉన్న మరో చోట చేస్తే, ఎఫ్–1 నియమాల్లో దాన్ని క్యాంపస్ ఉద్యోగంగానే పరిగణించే వీలుంది. మా ప్రతిపాదన వివరణలో విద్యార్థి పని, స్థలం, కాలం స్పష్టంగా రాసి ఉండటం ఇక్కడ కూడా పనికొచ్చింది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అధికారి ఆ పేజీలనే ఫైలులో పెట్టుకుని సమ్మతించారు. ఇది ప్రతి విశ్వవిద్యాలయంలో అక్కడి అధికారి నిర్ణయించాల్సిన విషయం, విద్యార్థి తనంతట తాను ఊహించుకోవాల్సింది కాదు.

కిరణపుంజం మన చేతిలో ఉండదు

ఓక్ రిడ్జ్‌లోని స్పల్లేషన్ న్యూట్రాన్ సోర్స్ అనే కేంద్రాన్ని వాడుకోవడానికి, ఫలితాలు ప్రచురిస్తామంటే, రుసుము ఉండదు. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు దరఖాస్తులు పిలుస్తారు, వాటిని నిపుణులు సమీక్షించి కొందరికే సమయం ఇస్తారు. ఇంధన శాఖ గ్రాంటు చేతిలో ఉన్నంత మాత్రాన ఇంధన శాఖ యంత్రం మీద సమయం దొరుకుతుందన్న హామీ లేదు. రెండు సమీక్షలూ వేరు. కొత్తగా ప్రతిపాదన రాసే ఆచార్యులు ఈ మాట వినగానే నొచ్చుకుంటారు. న్యూట్రాన్ సమయం దొరకకపోతే ప్రాజెక్టు ఏమవుతుందని సమీక్షకులు తప్పక అడుగుతారు కాబట్టి, ఆ సమాధానం ప్రతిపాదనలోనే ఉండాలి. మా ఆచార్యులు న్యూట్రాన్ లేకుండా జరిగే పనిని ప్రాజెక్టు మొదటి సగంలో పెట్టారు. అది ఆయన జాగ్రత్త, నిజంగానే అక్కరకొచ్చింది.

న్యూట్రాన్లను పుట్టించే ప్రోటాన్ల శక్తిని పెంచే నవీకరణ కోసం ఆ కేంద్రం 2023 వేసవి చివర నుంచి 2024 వేసవి దాకా సుమారు ఏడాదిపాటు ఆగింది. ఇది ముందుగా ప్రకటించిన విరామమే. అయితే అదే కాలానికి మేరీలాండ్‌లోని నిస్ట్ (జాతీయ ప్రమాణాల సంస్థ) పరిశోధన రియాక్టర్ 2021 ఫిబ్రవరి ఘటన దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. దేశంలో న్యూట్రాన్లు కావాల్సినవారంతా ఓక్ రిడ్జ్‌లోనే ఉన్న హై ఫ్లక్స్ రియాక్టర్ మీద పడ్డారు. మాకు అక్కడ సమయం దొరకలేదు. విరామానికి ముందు పౌడర్ డిఫ్రాక్షన్ (పొడి నుంచి చెదిరే న్యూట్రాన్లను బట్టి స్ఫటిక నిర్మాణం తేల్చే) యంత్రానికి నమూనాలను పోస్టులో పంపి కొలిపించుకునే పద్ధతిలో తొలి విడత పూర్తిచేయగలిగాం, అంతే.

ఆ నమూనాల తయారీని కాస్త దగ్గరగా చూడటం అవసరం. ఆర్గాన్ వాయువు నింపిన మూసిన పెట్టెలో (గ్లవ్‌బాక్స్‌లో) గ్రాముల లెక్కన పొడిని వెనేడియం డబ్బాల్లో నింపి బిగిస్తారు. వెనేడియం న్యూట్రాన్లను పద్ధతిగా చెదరగొట్టదు కాబట్టి డబ్బా సంకేతం నమూనా సంకేతంలో కలవదు. తేమలో ఎంతసేపు ఉంచారో డబ్బా డబ్బాకూ వేరు. మూత బిగింపులో ఏ కాస్త లోపం ఉన్నా దారిలో తేమ తగిలి ప్రయోగమే వృథా. మా బృందం మొదట టాంటలం చేర్చిన గార్నెట్‌నే పంపాలనుకుంది, ఎందుకంటే దాని వాహకత మెరుగు. న్యూట్రాన్‌ను పట్టుకున్న టాంటలం రేడియోధార్మిక టాంటలం–182గా మారుతుందని, దాని అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 114 రోజులు దాటుతుందని గుర్తుచేసినది భాగస్వామి ప్రయోగశాల శాస్త్రవేత్త. రేడియోధార్మికత ఎంత స్వల్పమైనా కొలిచి, పరిమితిలోపు ఉందని తేల్చాకే నమూనాను బయటికి పంపుతారు. అల్యూమినియం పట్టుకున్న న్యూట్రాన్ ప్రభావం రెండు నిమిషాల పైచిలుకు అర్ధాయువుతో మాయమవుతుంది, లాంథనం–140కి నలభై గంటలు. కాబట్టి న్యూట్రాన్లకు అల్యూమినియం రకం పంపి, టాంటలం రకాన్ని విద్యుత్ రసాయన పరీక్షలకు ఉంచుకోమని, ఒకే దఫాలో కాల్చిన పొడిని రెండు భాగాలు చేసి తిరిగి రావాల్సిన అవసరం లేని భాగాన్నే పంపమని ఆయన చెప్పారు. ఈ సలహా ఇవ్వడానికి ఆయనకు అరగంట పట్టి ఉంటుంది. ప్రాజెక్టులో నెలలు ఆదా అయ్యాయి. ఆయన పేరు ఉత్తరంలో మాత్రమే ఉండి, నమూనాల ప్రణాళికను చూడాల్సిన పని వివరణలో ఆయనకు అప్పగించి ఉండకపోతే, ఆ కాగితం ఆయన కంటపడేదే కాదు.

విరామ కాలంలో విద్యార్థి బసను ముందుకు జరిపి, భాగస్వామి ప్రయోగశాలలో టాంటలం నమూనాల అంతర్ముఖ కొలతలు చేయించాం. అలా చేయాలంటే మా పద్దులో ప్రయాణ ఖర్చును ఒక సంవత్సరం నుంచి మరో సంవత్సరానికి మార్చుకుంటే సరిపోయింది. అవతలి పద్దులో మాత్రం శాస్త్రవేత్తకు తన గంటల్ని ఆర్థిక సంవత్సరం దాటించడం అంత సులువు కాలేదు. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. సెప్టెంబర్ నెలాఖరులో ప్రయోగశాలలో ఎవరికీ ఊపిరి సలపదు. విద్యార్థి ఆగస్టులోనే పని ముగించుకుని వచ్చేలా చూడటం మేలని ఈ ప్రాజెక్టులో తెలిసింది.

ముగింపు దశ

గ్రాంటు ఆమోదం వేసవి చివర రావడం వల్ల మొదటి ఏడాది ఒకే విద్యార్థితో నడిచింది. పీహెచ్‌డీ ప్రవేశాలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఖరారైపోతాయి. ఆగస్టులో డబ్బు చేతికొస్తే రెండో విద్యార్థి మరుసటి ఏడాదికి గాని రాడు. అలా మిగిలిన స్టైపెండు సొమ్మే చివర్లో ఆదుకుంది. గడువు ముగియడానికి కనీసం 10 రోజుల ముందు తెలియజేసి, అదనపు నిధులు లేకుండా ఒకసారి 12 నెలల దాకా గడువు పొడిగించుకునే వెసులుబాటు ఫెడరల్ నియమాల్లో ఉంది. మేము దాన్ని వాడుకున్నాం. న్యూట్రాన్ కేంద్రం మళ్లీ తెరుచుకున్నాక రెండో విడత కొలతలు ఆ పొడిగింపు కాలంలోనే జరిగాయి.

తేమలో ఉంచిన కాలాన్ని బట్టి హైడ్రోజన్ చేరిక ఎలా మారుతుందో చూపే పత్రం ఒకటి ఆచార్యులు, శాస్త్రవేత్త, ఇద్దరు విద్యార్థుల పేర్లతో వెలువడింది. దాని ఆమోదిత ప్రతిని ఇంధన శాఖ శాస్త్రీయ సమాచార కార్యాలయానికి సమర్పించాం. వేడితో దెబ్బను సరిదిద్దే భాగం అనుకున్నంత ముందుకు సాగలేదు. ఉపరితల కార్బొనేట్ పోయినా లోపల చేరిన హైడ్రోజన్ పూర్తిగా పోయిందా అన్నది తేల్చేంత న్యూట్రాన్ సమయం మాకు మిగల్లేదు.

ఎఫ్–1 విద్యార్థి పీహెచ్‌డీ పూర్తిచేసి, తాను వేసవి గడిపిన ప్రయోగశాలలోనే పోస్ట్‌డాక్‌గా చేరాడు. ఈసారి అనుమతి పత్రాలు అతనే నింపుకున్నాడు. రెండో విద్యార్థికి మాత్రం గ్రాంటు ముగిసేనాటికి ఇంకా ఏడాది చదువు మిగిలి ఉంది. ఆలస్యంగా చేరినందువల్ల వచ్చిన లోటు అది. ఆ ఏడాదికి విభాగం బోధన సహాయకుడి ఉద్యోగం ఇచ్చింది. తుది సాంకేతిక నివేదికకు ఇచ్చిన 120 రోజుల గడువులోనే ఆచార్యులు, శాస్త్రవేత్త తర్వాతి ప్రతిపాదన ముసాయిదా కూడా మొదలుపెట్టారు. ఈసారి పనుల పంపకం పట్టిక మొదటి పేజీలోనే ఉంది. దాన్ని ముందుగా రాసి పంపినది ప్రయోగశాల వైపు నుంచే.